చీటీలు మారిన గజ్జెలు

కుర్మయ్యను ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకునేవాడు. అది ఆయన వినయం అనుకునేవారు అందరూ. ఆయన పైఅధికారి పద్మజ కూడా మూడేళ్లపాటు అలాగే అనుకుంది.

ఆయన ఉండేది కుత్బుల్లాపూర్‌లో. ఇప్పుడు వయసు యాభై ఏడు. పనిచేస్తున్న సీసాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆరు నెలలు ఖాళీగా తిరిగి, చివరికి ఒక ట్రస్టు మ్యూజియం వాళ్ల గోదాంకు కాపలాదారుగా కుదిరాడు. మ్యూజియం నగరం నడిబొడ్డున ఉంది గానీ అందులో రెండు హాళ్లే. వాటిలో పట్టనివన్నీ మేడ్చల్‌లో ఒక రేకుల కప్పు గోదాంలో పెట్టారు. డోళ్లు, తాళాలు, తోలుబొమ్మలు, కొయ్య కిరీటాలు, కథలు చెప్పేవాళ్ల పటాలు, కాలి గజ్జెలు, అన్నీ కలిపి రెండువేల పైచిలుకు. వాటిని చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఎవరూ రాని చోటికి కాపలా ఏమిటని మొదట్లో కుర్మయ్యకు నవ్వొచ్చేది.

ఆ నవ్వు మాన్పించినవాడు యజ్ఞనారాయణ. పల్లెపల్లెకూ తిరిగి ఆ వస్తువులు సేకరించింది ఆయనే. రిటైరైన మాస్టారు. వారానికి మూడు రోజులు స్కూటర్ మీద గోదాంకు వచ్చేవాడు. పెట్టెలు తెరిచి, ఏది ఎవరిదో, ఏ ఊళ్లో దొరికిందో, ఇచ్చేటప్పుడు వాళ్లు ఏమన్నారో చెప్పేవాడు. మెత్తటి కుంచెతో దుమ్ము తీయడం, తోలుకు గాలి ఆడేలా పెట్టడం, పురుగు పట్టిన జాడ కనిపెట్టడం కుర్మయ్యకు నేర్పాడు. ప్రతి వస్తువుకూ తెల్లగుడ్డ ముక్క మీద సిరాతో నంబరు రాసి దారంతో కట్టేవాడు. రిజిస్టర్‌లో అదే నంబరు కింద ఇచ్చినవాళ్ల పేరు, ఊరు ఉండేవి.

"చీటీ ఊడిందా, ఇక అది ఎవరి వస్తువూ కాదు కుర్మయ్యా," అనేవాడు. "దాన్ని మనం ఎంత తుడిచినా లాభం లేదు."

రెండేళ్లు తిరిగేసరికి కాపలాదారు కాస్తా స్టోర్ అటెండరయ్యాడు. తాళాలు ఆయన చేతికే ఇచ్చారు.

కరోనా వచ్చిన ఏడు మ్యూజియం మూశారు. డెబ్బై ఎనిమిదేళ్ల యజ్ఞనారాయణ బోయినపల్లిలో ఇల్లు కదలడం లేదు. రోజు విడిచి రోజు గోదాం తెరిచి, అంతా ఒకసారి చూసి, పుస్తకంలో సంతకం పెట్టడం కుర్మయ్య పని. అక్టోబరులో పెద్దవాన పట్టుకుంది. ఆయన తొమ్మిది రోజులు వెళ్లలేదు. కారణం పెద్దదేం కాదు. ఒంట్లో బాగానే ఉంది, బండి బాగానే ఉంది. వానలో ఎవరు పోతారన్న బద్ధకం, పోకపోతే ఎవరు చూస్తారన్న ధీమా, అంతే.

పదో రోజు తలుపు తీస్తే గోదాంలో పిక్కల దాకా నీళ్లు. పై అరల్లో ఏమీ కాలేదు. కింద గోడవారగా ఉన్న ఒక రేకుపెట్టె మాత్రం సగానికి మునిగి ఉంది. అందులో ముప్ఫై ఒక్క జతల గజ్జెలు. ఒగ్గు కథలు చెప్పేవాళ్లవి, చిందులేసేవాళ్లవి, జాతరలో ఆడేవాళ్లవి. మూత తీశాడు. తోలు పట్టీలు ఉబ్బిపోయి బూజు పట్టాయి. కొన్ని చీటీల మీద సిరా కరిగి గుడ్డ నీలంగా మారింది. కొన్నింటికి దారం కుళ్లి, చీటీలు నీళ్లలో తేలుతున్నాయి.

ఆ రోజు ఆయన చేసిన మొదటి పని ఆ తొమ్మిది రోజుల్లో పెట్టాల్సిన సంతకాలు పెట్టడం.

తర్వాత నీళ్లు తోడాడు. గజ్జెలను కొయ్యబల్ల మీద పరిచి, ఫ్యాను పెట్టి, వారం రోజులు ఆరబెట్టాడు. బూజు తుడిచాడు. ఒక్క జత కూడా పాడు కాకుండా కాపాడాడు, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆరాక లెక్క చూస్తే పన్నెండు జతలకే చీటీలు నిలిచాయి. పందొమ్మిది జతలు వేరు, వాటి చీటీలు వేరు. రిజిస్టర్ తిప్పితే పేరూ ఊరూ మారినా వస్తువు గురించి ప్రతి నంబరు దగ్గరా ఒకటే మాట: గజ్జెలు, ఒక జత, తోలు పట్టీ. యజ్ఞనారాయణకు అంతకంటే ఎక్కువ రాసే అవసరం ఉండేది కాదు. చేతిలోకి తీసుకుంటే ఏది ఎవరిదో ఆయనకు తెలిసేది.

ఆయనకు ఫోన్ చేస్తే సరిపోయేది. పెట్టె ఆటోలో వేసుకుని బోయినపల్లి పోయినా సరిపోయేది. కానీ చెబితే, వాన ఎప్పుడు పడింది, నువ్వెప్పుడు చూశావు అని అడుగుతాడు. సంతకాల పుస్తకం బయటికొస్తుంది.

కుర్మయ్య కొత్త గుడ్డముక్కలు కత్తిరించాడు. యజ్ఞనారాయణ ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టేవాడు. ఆ ఏడును కుర్మయ్య పాత పేపరు మీద ఇరవై సార్లు రాసి చేయి కుదుర్చుకున్నాడు. పందొమ్మిది చీటీలూ సార్ చేతిరాతలో రాసి, ఏ జత చేతికి వస్తే ఆ జతకు కట్టేశాడు. గుడ్డ మరీ తెల్లగా కనబడుతుందని టీ నీళ్లలో ముంచి ఆరబెట్టాడు కూడా.

జనవరిలో ఆయన్ని చూడటానికి వెళ్లాడు. యజ్ఞనారాయణ మంచంలో ఉన్నాడు. గొంతు సరిగా రావడం లేదు.

"వానలకు మనవాటికి ఏమీ కాలేదు కదా?"

"ఏం గాలె సార్. అన్ని సల్లగున్నయి."

యజ్ఞనారాయణ కళ్లు మూసుకుని తలాడించాడు. ఆయన కొడుకు టీ తెచ్చిస్తే కుర్మయ్య తాగి వచ్చాడు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఆ గజ్జెలు ఎవరివో తెలిసిన మనిషి నాలుగు నెలలు బతికి ఉండగా తాను నోరు విప్పలేదన్న సంగతి కుర్మయ్యకు దహనం దగ్గర నిలబడి ఉన్నప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

మరుసటి ఏడాది ట్రస్టు వాళ్లు శామీర్‌పేటలో కొత్త స్టోర్ కట్టారు. గట్టి కప్పు, ఇనుప సొరుగులు, గాలిలో తేమ ఎంతుందో చూపే యంత్రాలు. దాన్ని నడపడానికి పద్మజ వచ్చింది. నలభై ఎనిమిదేళ్లావిడ, పుట్టింది తెనాలి, ఉండేది కొంపల్లిలో. మొదటి నెలలోనే ట్రస్టు వాళ్లతో కొట్లాడి ఒక నిర్ణయం చేయించింది. స్టోర్ తలుపులు జనానికి తెరవాలి. శనివారం శనివారం ముందుగా చెప్పినవాళ్లు వచ్చి సొరుగులు తీసి చూడొచ్చు, చేతులు కడుక్కుని ముట్టుకోదగినవి ముట్టుకోవచ్చు.

"దాచిపెట్టినంత మాత్రాన కాపాడినట్టు కాదండీ కుర్మయ్య గారూ," అంది. "వీటిని ఇచ్చినవాళ్ల పిల్లలు ఎక్కడో ఉంటారు. వాళ్లే వచ్చి చూడకపోతే ఇంకెవరి కోసం?"

జనం రావడం మొదలైంది. కండ్లకోయ కాలేజీల పిల్లలు బస్సులో వచ్చేవారు. కుర్మయ్య తనకు సార్ చెప్పినవన్నీ వాళ్లకు చెప్పేవాడు. తోలుబొమ్మను వెలుగుకు అడ్డంగా పట్టి చూపిస్తే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. ఆ పని ఆయనకు బాగా వచ్చు. పద్మజ ట్రస్టు మీటింగులో ఆయన్ని నిలబెట్టి, గోదాం మారినా ఒక్క చీటీ పోకుండా చూసుకున్న మనిషి అని చప్పట్లు కొట్టించింది. కుర్మయ్య తల దించుకున్నాడు. గజ్జెల సొరుగు మాత్రం తనంతట తాను ఎన్నడూ తీసేవాడు కాదు. ఎవరైనా అడిగితే డోళ్ల వైపు తీసుకుపోయేవాడు.

పద్మజ అక్కడితో ఆగలేదు. రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఇచ్చినవాళ్ల కుటుంబాలను వెతికి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అలా దొరికింది ఈదమ్మ. అలియాబాద్ అవతల ఒక పల్లె. ఆమె తండ్రి సిద్దిరాములు ఒగ్గు కథలు చెప్పేవాడు. చనిపోయే ముందు తన గజ్జెలు యజ్ఞనారాయణ చేతికి ఇచ్చాడు. రిజిస్టర్‌లో నంబరు నూట పద్దెనిమిది.

ఈదమ్మకు అరవై దాటాయి. ఒక శనివారం ఉదయం తమ్ముడి కొడుకు హేమచంద్ బండి మీద వచ్చి దిగింది. ఉతికిన చీర, చేతిలో పసుపు పొట్లం. పద్మజ ఎదురెళ్లి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"కుర్మయ్య గారూ, నూట పద్దెనిమిది తీసుకురండి."

ఆయన తెచ్చి తెల్లకాగితం పరిచిన పళ్లెంలో పెట్టాడు. ఈదమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, చాలాసేపు ముట్టుకోకుండా చూసింది. తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుంది. ఎత్తి దించింది. నొసలు ముడిచింది.

"గింత అల్కగ ఉండెనా?" అంది తనలో తాను. "శిన్నపోరిని గద, గప్పుడు బరువనిపించిందేమో."

చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. మళ్లీ ఆడించింది. కుర్మయ్య వైపు తిరిగింది.

"తమ్మీ, గివి మా బాపువేనా?"

బల్లకు అవతల పద్మజ నవ్వుముఖంతో నిలబడి ఉంది. హేమచంద్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"శీటి మీద రాసున్నది గదక్కా," అన్నాడు కుర్మయ్య.

అంతే, ఈదమ్మ ఆ గజ్జెలను కళ్లకద్దుకుని ఏడ్చింది. బాపూ, బాపూ అంటూ తోలు పట్టీని చెంపకు ఆనించుకుంది. ఆయన కథకు పోయి తెల్లారి ఇంటికొస్తుంటే వాకిట్లోనే ఈ సప్పుడు విని లేచేదాన్నని చెప్పింది. ఏడుపు తగ్గాక లేచి వచ్చి కుర్మయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఇంట్లుంటే ఏ ఎలుకలో కొరుకుతుండె. గిన్నేండ్లు కండ్లల్ల పెట్టుకొని సూసినవ్. నీకు పున్నెముంటది తమ్మీ." కాళ్లు ముట్టబోయింది. కుర్మయ్య వెనక్కి తగ్గి బీరువాకు కొట్టుకున్నాడు.

వచ్చే శనివారం ఇంటిల్లిపాదీ వస్తామని, హేమచంద్ కథ నేర్చుకుంటున్నాడని, తాత గజ్జెలు ఒక్కసారి వాడి కాళ్లకు తాకిస్తే చాలని ఈదమ్మ అడిగింది. పద్మజ సరేనంది.

ఆ ఆదివారం కుర్మయ్య అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. భార్య దుర్గాబాయి ఏమైందని నాలుగుసార్లు అడిగితే అంతా చెప్పాడు. ఆమె వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

"సార్ ఉన్నప్పుడు జెప్పకపోతివి. ఇప్పుడు జెప్తే ఎవలికి లాభం?" అంది చివరికి. "రెండేండ్లల్ల రిటైరైతవ్. గా ముసలామె మస్తు కుష్ మీద పోయింది. ఆమె కుష్ జెడగొడ్తవా?"

"ఆమె నన్నే అడిగింది. నా మొకం జూసి అడిగింది."

"అయితే?"

"శీటి మీద రాసున్నదని జెప్పిన. గా శీటి రాసింది నేనే."

దుర్గాబాయి ఆయన ముందున్న కంచం తీసి పక్కన పెట్టింది. ఆ తీరులో ఆమెకు తన మీద ఉన్న గౌరవం కొంత తగ్గిందని ఆయనకు అర్థమైంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె ముందు అలా కూర్చోవడం అదే మొదటిసారి.

సోమవారం పద్మజ గది తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. తొమ్మిది రోజులు, సంతకాలు, పెట్టె, అడ్డగీత ఏడు, టీ నీళ్లు. ఏదీ దాచలేదు. పద్మజ మొదట నమ్మలేదు. ఏదో జ్వరం మాటల్లా ఉన్నాయనుకుంది. తర్వాత లేచి సొరుగు తీసి, ఒక్కో చీటీ వెలుగులో పట్టి చూసింది.

"ఎన్ని?"

"పందొమ్మిది మేడం."

"వీటి ఫోటోలు పేర్లతో సహా దొరికినవాళ్లందరికీ పంపాను నేను. ఆరు కుటుంబాలకు పంపాను. తెలుసా మీకు?"

"తెల్సు."

"మాస్టారు బతికి ఉండగా ఒక్క మాట..." అని ఆగిపోయింది. కుర్చీలో కూర్చుంది. "మిమ్మల్ని మీటింగులో నిలబెట్టి చప్పట్లు కొట్టించానండీ నేను. ఒక్కసారైనా సరిచూశానా? మీ మాట నమ్మి ఊరుకున్నాను."

ఆమె కళ్లలో నీళ్లు కోపంతో వచ్చాయో సిగ్గుతో వచ్చాయో కుర్మయ్య చూడలేకపోయాడు. తన సిగ్గు తన ఒక్కడిదే అనుకుంటూ ఉన్నాడు అన్నాళ్లూ. దాన్ని ఈమెకు కూడా అంటించానని ఆ క్షణంలో తెలిసింది.

"ఈదమ్మ గారికి ఎవరు చెబుతారు?" అంది పద్మజ.

"నేనే పోత."

మధ్యాహ్నం బండి మీద పోయాడు. ఈదమ్మ ఇంటి ముందు బియ్యం చెరుగుతోంది. ఆయన్ని చూసి, తమ్ముడొచ్చిండని లోపలికి కేకేసి, కుర్చీ వేసింది. కూర్చోకుండా నిలబడే చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టింది. ఆయన ముఖంలోకి చూసింది.

"మరి నేనేడ్శింది ఎవల గజ్జెల మీద?"

కుర్మయ్య తల దించుకున్నాడు.

"నా శేతులకు తెల్సింది," అంది. "బరువు గాదని తెల్సింది, సప్పుడు గాదని తెల్సింది. నిన్నడిగిన. నువ్వు శీటి అన్నవ్. సదువు రానిదాన్ని గద, శీటి మాట ఇన్న. మా బాపు గజ్జెల సప్పుడు నేను మర్సిపోయిన్నేమో అనుకొని రెండ్రోజుల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న."

"తప్పయిందక్కా."

"అక్కా అనకు." చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అన్ని తీసి పెట్టుండ్రి. శనివారం వచ్చి సూస్త."

మంచినీళ్లిచ్చేవాళ్లు లేక, పొమ్మనేవాళ్లు లేక, కుర్మయ్య బండి తోసుకుంటూ వాకిలి దాటాడు.

శనివారం పందొమ్మిది జతలనూ చీటీలు విప్పేసి పొడవాటి బల్ల మీద వరసగా పెట్టారు. ఈదమ్మ హేమచంద్‌తో మాత్రమే వచ్చింది. ఈసారి పసుపు తేలేదు. కుర్మయ్య వైపు చూడలేదు. ఏదైనా కావాలంటే పద్మజనే అడిగింది. ఒక్కో జత ఎత్తింది, ఆడించింది, కళ్లు మూసుకుని విన్నది, పక్కన పెట్టింది. రెండు గంటలు పట్టింది. పదహారు కాదంది. మూడు మిగిలాయి. ఆ మూడింటి మధ్య అటూ ఇటూ తిరిగి చివరికి కుర్చీలో కూలబడింది.

"ఇండ్ల ఒకటి," అంది. "ఏదో జెప్పలేను బిడ్డా. నీళ్లల్ల నాని తోలు గుంజుకపోయింది. సప్పుడు మారింది. గీ మాట గా మాస్టారైతే జెప్పుతుండె."

పోయేటప్పుడు హేమచంద్ ఆ మూడు జతలకూ దండం పెట్టాడు. ఏదీ కాళ్లకు తాకించుకోలేదు.

ట్రస్టు వాళ్లలో కొందరు కుర్మయ్యను వెంటనే తీసేయాలన్నారు. పద్మజ ఒప్పుకోలేదు. జాలితో కాదని ఆయనకు తెలిసేలాగే చెప్పింది. మిగిలిన పద్దెనిమిది కుటుంబాలకూ జరిగింది చెప్పాలి, ఆ చెప్పేవాడు ఆయనే కావాలి. రిజిస్టర్‌లో ఆ నంబర్లన్నిటికీ ఎదురుగా ఏం జరిగిందో ఆయన చేతే, ఆయన సొంత రాతలో రాయించింది. కింద పేరు, తేదీ. అదే కాగితం నకలు గజ్జెల సొరుగులో పైన పెట్టించింది. సొరుగు ఎవరు తెరిచినా ముందు కనిపించేది అదే.

తర్వాతి ఏడాదంతా కుర్మయ్య ఊళ్లు తిరిగాడు. యజ్ఞనారాయణ వస్తువుల కోసం తిరిగిన దారుల్లోనే తిరిగాడు. ఒకచోట కుక్కను వదిలారు. ఒకచోట ఎవరికీ ఆ సంగతే గుర్తులేదు, దానికింత దూరం రావాలా అన్నారు, ఆ మాట ఆయనకు కుక్క కంటే కష్టమనిపించింది. కొందరు స్టోర్‌కు వచ్చి చూశారు. ఒకాయన లోపలి కుట్టు తమ అమ్మ వేసిందని గుర్తుపట్టాడు. ఒకామె పెళ్లి ఫోటో తెచ్చింది, అందులో తాత కాళ్ల గజ్జెలు కనబడుతున్నాయి. అలా ఏడు జతలు తేలాయి. పన్నెండు తేలలేదు. ఈదమ్మ చెప్పిన మూడూ ఆ పన్నెండులోనే ఉన్నాయి. ఆమె మళ్లీ రాలేదు. హేమచంద్ మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏమన్నా తెల్సిందా అని అడుగుతాడు. లేదని చెప్పి కుర్మయ్య ఫోన్ పెట్టేస్తాడు.

మొన్నొక శనివారం కండ్లకోయ నుంచి వచ్చిన పిల్లల్లో శ్రీలేఖ అనే అమ్మాయి గజ్జెల సొరుగు లాగింది. పైనున్న కాగితం తీసి అందరికీ వినబడేలా చదవసాగింది. కుర్మయ్య డోళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ కాగితాన్ని అప్పటికి ఎన్నిసార్లు విన్నాడో, ప్రతిసారీ ముఖం వేడెక్కుతూనే ఉంది. తొమ్మిది రోజుల దగ్గర ఒకడు నవ్వాడు. చేతిరాత నేర్చుకున్న దగ్గర ఎవరూ నవ్వలేదు.

"అంకుల్, ఈ కుర్మయ్య అనే అతను ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారా?" అడిగింది ఆ అమ్మాయి.

"నేనే బిడ్డా."

ఆమె కాగితాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టేసింది. సొరుగు మూయబోయింది.

"మూయకు," అన్నాడు కుర్మయ్య దగ్గరికి వస్తూ. "శేతులు కడుక్కొని రా. గీ మూడు జతల్ని ఆడించి సప్పుడు ఇను. మూడిట్ల తేడా ఉంటది."